కొత్త ఫోను నేర్పడానికి ఏది మేలు: కాగితమా, వీడియోనా, నోటుపుస్తకమా?

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉండే మా మేనత్తకు కొత్త ఫోను కొన్నాం. ఆవిడకు డెబ్బై దాటాయి. ఇంట్లో మాట తెలుగు, బళ్లో నేర్చుకున్న అక్షరాలు ఒడియా. ఫోను పెట్టెలో వచ్చిన కాగితమేమో ఇంగ్లీషు, హిందీ, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. మన సరిహద్దు ఊళ్లలో ఇలాంటి పెద్దవాళ్లు చాలామందే ఉంటారు.

ఆ కాగితం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సిమ్ ఎక్కడ పెట్టాలో బొమ్మ ఉంటుంది, అంతవరకు పనికొస్తుంది. అసలు సెటప్ అంతా స్క్రీన్ మీదే.

యూట్యూబ్ వీడియోలు అంతకన్నా నయం. తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతాయి. కానీ వీడియోలో చూపించే మెనూ ఒకలా, చేతిలో ఉన్న ఫోనులో ఇంకోలా ఉంటే పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతారు. తప్పు తమదే అనుకుంటారు. నాకు బాధేసేది అదే.

వాట్సాప్ కాల్‌లో స్క్రీన్ షేర్ 2023లో వచ్చింది. అత్త ఏం నొక్కుతోందో విశాఖలో కూర్చుని చూడగలుగుతున్నాను. చదవడం రానివాళ్లకైతే ఇదే మేలు. అయితే షేర్ చేస్తుండగా ఓటీపీ వస్తే అవతలివాళ్లకూ కనబడిపోతుంది. అందుకే ఇంట్లోవాళ్లతో తప్ప, బ్యాంకు నుంచి అని ఎవరు చెప్పినా షేర్ చెయ్యొద్దని ముందే చెప్పాలి. పైగా కాల్ పెట్టేశాక వాళ్ల దగ్గర ఏమీ మిగలదు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న.

నా ఓటు నోటుపుస్తకానికే. మనం రాసివ్వడం కాదు, వాళ్ల చేతే రాయించాలి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఫోను అత్త చేతిలోనే ఉంచి పక్కన కూర్చున్నాను. వాట్సాప్ బొమ్మ నొక్కమంటే గట్టిగా నొక్కి పట్టుకుంది. అది తెరుచుకోలేదు సరికదా, జరిగి ఇంకెక్కడో కూర్చుంది. “పాడుచేసేశానా అమ్మా?” అంటూ చెయ్యి వెనక్కి లాగేసుకుంది. “ఏం కాలేదత్తా” అని, ఫోను వాడకం తేలిక చేసే యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో నొక్కి పట్టుకునే సమయం పెంచాను, వేలు కాస్త ఆగినా తట్టినట్టే తీసుకునేలా. అక్షరాలూ పెద్దవి చేశాను. రెండుమూడుసార్లు తనే నొక్కి చూసుకుని పుస్తకంలో రాసుకుంది: “పచ్చ బొమ్మ. తట్టి వదిలేయాలి. పట్టుకోకూడదు.” మాట తెలుగు, లిపి ఒడియా! ఇలాంటి గైడు ఏ కంపెనీ అచ్చేసి ఇస్తుంది?

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో బడిపంతులుగా చేరింది ఈ ఊళ్లోనే. ఆ మూడు ముక్కలు చదివితే నాకు ఆయనే గుర్తొచ్చారు.

ఇందులో కష్టం లేకపోలేదు. మొదటి పేజీకే గంట పట్టింది. దగ్గర కూర్చునే మనిషి కావాలి, ఓపిక కావాలి. కానీ ఆ పేజీకి సంబంధించి అత్త మళ్లీ నాకు ఫోను చెయ్యలేదు.

రాయించేటప్పుడు పెన్సిల్ ఇవ్వండి. అప్‌డేట్ వస్తే బొమ్మల చోటు మారిపోవచ్చు, చెరిపి రాసుకుంటారు. పేజీకి ఒక్క పనే ఉండాలి. యూపీఐ పిన్ మాత్రం అందులో రాయనివ్వకండి. డబ్బు మోసం జరిగితే వెంటనే చెయ్యాల్సిన 1930 నంబరు అట్ట మీద పెద్దగా రాసిపెట్టండి.