ఆకాశ ఎయిర్‌లో బెంగళూరు నుంచి ముంబయికి

బెంగళూరులో మా చెల్లెలి ఇంట్లో రెండు రోజులు ఉండి, అమ్మను వెంటబెట్టుకుని ముంబయి వెళ్లడానికి ఆకాశ ఎయిర్ టికెట్లు తీసుకున్నాను. భీమవరం నుంచి రొయ్యల వ్యాపారం పనిమీద తరచూ తిరిగేవాణ్ణి కాబట్టి విమానప్రయాణం నాకు కొత్త కాదు. ఈ సంస్థనే ఎంచుకోవడానికి కారణం దాని వ్యవస్థాపకుడు వినయ్ దూబే ఉద్యోగ జీవితంపై నాకున్న ఆసక్తి.

ఆయన అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో, ఆ తరువాత డెల్టా ఎయిర్‌లైన్స్‌లో పనిచేశారు. ఆ డెల్టా సంస్థ మిసిసిపీ డెల్టా పేరు పెట్టుకున్నదనీ, పత్తి చేలకు పురుగుమందు చల్లే విమానాలతో మొదలైందనీ తెలిసినప్పుడు గోదావరి డెల్టా రైతుబిడ్డగా నాకు ఎంతో సంతోషం కలిగింది. 2017లో ఆయన జెట్ ఎయిర్‌వేస్‌కు సీఈఓగా వచ్చారు. 2019 ఏప్రిల్ 17న ఆ సంస్థ విమానాలు ఆగిపోయాయి, మరుసటి నెలలో ఆయన రాజీనామా చేశారు. ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానం మొదలు పెద్ద బోయింగ్ 777 దాకా జెట్‌లో రకరకాల విమానాలు ఉండేవి. మా రాజమహేంద్రవరానికి, అంటే మధురపూడి విమానాశ్రయానికి, వచ్చిపోయినవి ఆ ఏటీఆర్‌లే.

ఆకాశలో ఆయన ఒకే రకం విమానాలను, బోయింగ్ 737 మ్యాక్స్‌లను, నమ్ముకున్నారు. 2021 నవంబరులో 72 విమానాలకు ఆర్డరు ఇచ్చి, 2022 ఆగస్టు 7న తొలి సర్వీసు నడిపారు. ఇందులోని లాభనష్టాలు మా ప్రాంతంలో ఎవరికైనా ఇట్టే అర్థమవుతాయి. చెరువుల్లో వెనామీ అనే ఒక్క రొయ్య రకమే వేసిన రైతుకు మేత, మందు, కూలీల శిక్షణ అన్నీ సులువవుతాయి గానీ, ఆ రకానికి తెగులు సోకితే తప్పుకునే దారి ఉండదు. 2024లో బోయింగ్ ఉత్పత్తిపై అమెరికా ప్రభుత్వం పరిమితి విధించడం, ఆపైన అక్కడి కార్మికులు సమ్మె చేయడంతో విమానాలు ఆలస్యమై, ఆకాశ చేర్చుకున్న పైలట్లలో చాలామంది పని లేకుండా ఎదురుచూడవలసి వచ్చింది.

ఇక సేవ విషయానికి వస్తే, నాకు పూర్తి తృప్తి కలిగింది. సిబ్బంది ప్యాంటు, స్నీకర్ బూట్లు వేసుకుంటారు. అమ్మ చీర కుచ్చెళ్లు బెల్టులో చిక్కుకున్నప్పుడు ఒక అమ్మాయి చటుక్కున మోకాళ్ల మీద కూర్చుని నెమ్మదిగా విడదీయడం చూసి, ఆ దుస్తులను ఎంచుకున్నవారికి ఈ పని తెలుసుననిపించింది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బాను కూడా బరువైన పెట్టెల కింద పడనివ్వకుండా వేరే చోట సర్ది పెట్టారు. సీటు దగ్గర ఫోను చార్జింగు సౌకర్యం ఉంది. భోజనానికి విడిగా డబ్బు చెల్లించాలి కాబట్టి పెద్దవారితో వెళ్లేవారు ముందే ఆర్డరు చేసుకోవడం మంచిది. విమానం సమయానికే దిగింది.

2024 డిసెంబరు నుంచి మధురపూడిలో దాదాపు 737 అంతటి ఎయిర్‌బస్ విమానాలు కూడా దిగుతున్నాయి కాబట్టి 737కు రన్‌వే చాలదన్న మాట ఇక లేదు. జెట్ ఎయిర్‌వేస్ విమానాలు వచ్చిన ఊరికి ఆకాశ విమానాన్ని కూడా దూబే గారు పంపాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అలా జరిగిన రోజున అమ్మకు మొదటి టికెట్ నేనే తీస్తాను.