పాత టేకు ఇల్లు: ముఖం మారినదా, లోపల మారినదా, ఏది మేలు?

హైదరాబాద్ పాతబస్తీ ఘాన్సీ బజార్‌లో మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు రోడ్డు మీంచి చూస్తే పాతిల్లు అనిపించదు. ముందంతా గ్రానైట్, ఇనుప గ్రిల్, కింద షట్టర్. సికింద్రాబాద్‌లో మా స్నేహితుడి తాతగారి ఇల్లు ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. వీధి వైపు నగిషీల చెక్క బాల్కనీ పాలిష్‌తో మెరిసిపోతుంది. గడప దాటితే స్లాబు, టైల్స్, ఫాల్స్ సీలింగ్. చరిత్ర విలువ దేనికెక్కువ అంటే చాలామంది సికింద్రాబాద్ ఇంటినే చూపిస్తారు. నేను మాత్రం పెద్దమ్మ ఇల్లే అంటాను.

మొన్న ఆ ఇంట్లో అటక ఎక్కి టార్చ్ వేసి చూశాను. టేకు దూలం మీద వడ్రంగి బాడిసెతో చెక్కిన దెబ్బలు చేప పొలుసుల్లా వరసగా ఉన్నాయి. వాసాలను పట్టి ఉంచినవి చెక్క చీలలు. అక్కడక్కడా ఉన్న ఇనప మేకుల్లో కొన్నిటి కాడ నలుచదరం, అంటే కమ్మరి చేత్తో సాగగొట్టినవి. గుండ్రటి కాడవి ఫ్యాక్టరీ మేకులు, తర్వాతి మరమ్మతువి. కింద మండువా చుట్టూ 12 స్తంభాలుంటే, మూడింటికి మాత్రమే చెదలు తిన్న పాదాలు కోసి కొత్త ముక్క అతికారు. ఇల్లు ఎలా కట్టారో, ఎక్కడ బాగుచేశారో ఆ చెక్కే చెబుతోంది. సికింద్రాబాద్ ఇంట్లో అలా చెప్పడానికి బాల్కనీ తప్ప ఏమీ మిగల్లేదు.

అలాగని మార్పులన్నీ చెడ్డవని కాదు. పెద్దమ్మ ఇంట్లో వెనక గోడ ఒక్కటే ఇటుకది, మిగతావి మట్టివి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు పాత గోడ కూలిపోతే ఇది కట్టారని ఆవిడ అత్తగారు చెప్పేవారట. అది అసలుది కాదని కొట్టేయడానికి మనసొప్పదు, ఈ ఊరి కష్టం అందులో ఉంది. పాత కట్టడాలను ఎలా కాపాడుకోవాలో ఆస్ట్రేలియాలో 1979లో రాసుకున్న బర్రా చార్టర్ కూడా అన్ని కాలాల పనినీ గౌరవించమనే అంటుంది. గ్రానైట్ సంగతి వేరు. ఒక పలక ఊడిన చోట వెనక పాత సున్నం పూత అలాగే కనిపిస్తోంది. గ్రానైట్‌ని ఎప్పుడైనా తీసేయొచ్చు. స్లాబు కోసం పీకి అమ్మేసిన దూలాలు మళ్లీ రావు.

బాల్కనీ విలువ తక్కువేం కాదు, ఆ వీధికి మిగిలిన అందం అదొక్కటే. రంపం పడకుండా అదీ నిలవాలి.

చార్మినార్ దగ్గరి మాల్వాలా ప్యాలెస్ చెక్క పనికి పేరుపడింది, వారసత్వ కట్టడాల జాబితాలోనూ ఉండేది. అయినా 2000లో చాలా భాగం కూల్చేశారు. జాబితాలోనే లేని మామూలు ఇళ్ల గురించే నాకు టెన్షన్. పెద్దమ్మ కొడుకు వేసవిలో పైకప్పు మారుస్తానంటున్నాడు. "అన్నయ్యా, ముందు గ్రానైట్ తీయించు. దూలాలకు నంబర్లు వేసి ఫొటోలు తీద్దాం, ఆదివారం నేనొస్తా" అని చెప్పాను.