రెండు బటన్ల జీ బ్యూగిల్: మన బ్యాండు మేళంలో ఎక్కడ పలుకుతుంది, ఎక్కడ పలకదు

ఇది అమెరికా డ్రమ్ కోర్ (డ్రమ్ములు, ఇత్తడి వాయిద్యాలతో కవాతు చేసే జట్లు) పోటీల కోసం తయారైన వాయిద్యం. అక్కడ 2000 నుంచి ఏ శ్రుతి ఇత్తడి వాయిద్యమైనా వాడుకోవచ్చని నిబంధన మారాక జట్లు బి-ఫ్లాట్ ట్రంపెట్ల వైపు మళ్లాయి. కాన్‌స్టల్, డైనాస్టీ, కింగ్ ముద్రలున్న పాత జీ బ్యూగిళ్లు అలా సెకండ్‌హ్యాండ్‌లోకి వచ్చాయి. మన స్కూళ్లలో ఎన్‌సీసీ పిల్లలు ఊదే బటన్లు లేని బ్యూగిల్ వేరు, ఇది వేరు. చూపుకు ట్రంపెట్టే గానీ గొట్టం దానికంటే జానెడు పైనే పొడవు, అందుకే మూడు స్వరస్థానాలు (కీబోర్డు మీద నలుపు, తెలుపు కలిపి మూడు మెట్లు) కిందికి పలుకుతుంది.

నాదం మాత్రం అద్భుతం. అనంతపురంలో రాత్రి మెరవణిలో డ్రమ్ముల మోత మీదుగా కూడా నిండుగా వినిపించే గొంతు ఇది. కల్యాణమండపం లోపల మాత్రం క్లారినెట్‌ను మింగేస్తుంది. లోపల వాయించాల్సి వస్తే వరుస వెనక నిలబడి, గంట (నాదం బయటికొచ్చే వెడల్పు మూతి) నేలవైపు వంచి ఊదాలి.

కొనేముందు తెలుసుకోవలసింది బటన్ల లెక్క. మొదటి బటను రెండు స్థానాలు దించుతుంది, రెండోది ఒకటి, రెండూ కలిపితే మూడు. ట్రంపెట్‌లో మూడో బటను తోడైతే వచ్చే నాలుగు, ఐదు, ఆరు స్థానాల దింపుడు దీనికి లేదు. బటను నొక్కకుండా వచ్చేది ఐదు శ్రుతి (అంటే జీ) షడ్జమం, దాని మీద పంచమం, ఆపైన తార షడ్జమం. పంచమం నుంచి మూడు దిగితే అంతర గాంధారం దగ్గర ఆగిపోతాం. దాని కింద సాధారణ గాంధారం, రెండు రిషభాలూ పలకవు. తార షడ్జమం నుంచి దిగితే చతుశ్రుతి ధైవతం దాకా వస్తుంది, శుద్ధ ధైవతం రాదు.

కాబట్టి ఐదు శ్రుతి వాయిద్యమని ఐదు శ్రుతిలోనే వాయిస్తే చిక్కు. దీనికి అచ్చొచ్చేది ఒకటి శ్రుతి (సీ). మధ్య స్థాయి మొత్తంలో సాధారణ గాంధారం ఒక్కటే పోతుంది. మోహన, హంసధ్వని, కల్యాణి, మాయామాళవగౌళ ఇబ్బంది లేకుండా సాగుతాయి. మంద్రంలో ధైవతం జోలికి మాత్రం పోకూడదు. ఖరహరప్రియ, హిందోళం పాటలుంటే రెండు శ్రుతికి (డీ) మార్చుకోవాలి. అక్కడ పోయేది శుద్ధ రిషభం, ఆ రెండు రాగాలకూ దాంతో పని లేదు. తోడి రాగానికి ఈ రెండింటిలో ఏ శ్రుతిలోనైనా ఏదో ఒక స్వరం తక్కువే, దాన్ని క్లారినెట్‌కే వదిలేయండి. లేని స్వరాన్ని పెదవితో లాగబోతే పట్టు జారి పక్క స్వరం మీద పడుతుంది, నలుగురిలో పరువు పోతుంది.

బి-ఫ్లాట్ ట్రంపెట్లు, క్లారినెట్ల వరుసలో ఆరున్నర శ్రుతిలో (బి-ఫ్లాట్) వాయించే మేళానికి దీన్ని కొనొద్దు. కింద షడ్జమమే రాదు, శుద్ధ మధ్యమమూ రాదు. ట్రంపెట్ నోట్లు ముందు పెట్టుకుంటే ప్రతి స్వరాన్నీ మూడు స్థానాలు పైకి మార్చి చదవాలి. సరిగమల్లో రాసుకున్న నోటుబుక్కు ఉన్న మేళానికి ఆ బాధ లేదు. గొట్టం కోయించి బి-ఫ్లాట్ చేద్దామనే ఆలోచన కూడా వద్దు. బటన్ల స్లైడ్లు (లాగి పొడవు సర్దే చిన్న గొట్టాలు) పాత కొలతలోనే ఉండిపోయి, నొక్కిన ప్రతి స్వరమూ కిందికి పోతుంది.

ఒకటి శ్రుతిలో కాకలి నిషాదం బటను లేకుండా ఊదితే కొంచెం తక్కువగా పలుకుతుంది. రెండు బటన్లూ నొక్కి, మొదటి స్లైడును ఓ నాలుగు మిల్లీమీటర్లు లాగి ఊదితే సర్దుకుంటుంది. మే నెల ఎండలో ఇత్తడి శ్రుతి పైకి ఎగబాకుతుంది, కీబోర్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పెద్ద స్లైడును సెంటీమీటరు లాగితే స్వరస్థానంలో ఐదో వంతు దిగుతుంది. వాయించి వేడెక్కించాకే శ్రుతి చేసుకోవాలి.

మౌత్‌పీసు మామూలు ట్రంపెట్‌దే సరిపోతుంది, 7సీ చాలు. బటన్లకు వాల్వ్ ఆయిలే వేయాలి. కొబ్బరినూనె జిగురుకట్టి పిస్టన్లు (బటన్ల కింద కదిలే కడ్డీలు) పైకి లేవకుండా చేస్తుంది. మన బోరు నీళ్లతో కడిగి అలాగే వదిలేస్తే లోపల తెల్లటి పొర కడుతుంది, గుడ్డ లాగి ఆరబెట్టాలి.

కొనేటప్పుడు బటన్లు వదిలేసి ఒక్కో బటను స్లైడును లాగి చూడండి. ‘టప్’మని చప్పుడొస్తే పిస్టన్ గాలిని పోనివ్వకుండా పట్టి ఉంచుతోంది, బాగుందన్నమాట. మౌత్‌పీసు పెట్టే గొట్టం మీద గులాబీ రంగు చుక్కలు, వాటి మధ్యలో నల్ల బిందువులు కనిపిస్తే ఇత్తడి లోపలి నుంచి తినేస్తోందని అర్థం, దాన్ని అక్కడే వదిలేయాలి. ఒక పిస్టను, ఒక రోటరీ (తిరిగే వాల్వు) ఉన్న ఇంకా పాత రకాన్ని ముట్టుకోవద్దు. మన పాటలకు కావలసిన స్వరాల్లో కొన్ని అందులో దొరకవు.