బరంపురంలో కుక్కల, పిల్లుల ఫోటో క్లాసు: మొదటి ఆదివారానికి ఫుల్ మార్కులు, రెండోదానికి సగం

పెంపుడు జంతువుల ఫోటోలు నలుపు తెలుపులో తీయడం, ఆ తర్వాత ఎడిటింగ్ చేయడం నేర్పుతామని బరంపురంలో ఒక స్టూడియో వాళ్ళు క్లాసు పెడుతున్నారు. రెండు ఆదివారాలు, ఫీజు 2,500. స్టూడియో పేరు రాయను, కింద కొంచెం తిట్టేది ఉంది, రేపు బజార్లో ఎదురుపడతారు. పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా జనం వస్తున్నారు కాబట్టి డబ్బు కట్టే ముందు ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

మొదటి ఆదివారం అంతా తీయడమే, అది నిజంగా బాగుంది. సార్ ఒడియా ఆయన, తెలుగు మాత్రం మనలాగే మాట్లాడతారు, మధ్యలో హిందీ కలుస్తుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. కెమెరా లేనివాళ్ళు ఫోన్‌తో రావచ్చు. గంటలకొద్దీ పాఠం చెప్పకుండా లైట్లన్నీ ఆర్పేసి, ఒక్క తలుపు తెరిచి, దాని పక్కన కుక్కని కూర్చోబెట్టి చూడమన్నారు. వెలుగు ఒక పక్క నుంచే పడితే మూతి మీద ఎముక, బొచ్చులో మడతలు ఎలా లేస్తాయో, కంట్లో చిన్న మెరుపు ఎక్కడ పడుతుందో అప్పుడు కనిపిస్తుంది. రంగు లేని ఫోటోలో మనకి మిగిలేది ఆ వెలుగు నీడలే కదా. ఫ్లాష్ వద్దే వద్దన్నారు. కుక్కకీ పిల్లికీ కంటి వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుంది, ఫ్లాష్ దానికి తగిలి కళ్ళు బల్బుల్లా వస్తాయి, పైగా జంతువు బెదిరిపోతుంది.

నాకు బాగా ఉపయోగపడింది నల్ల కుక్క సంగతి. కెమెరా దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. ఫ్రేమంతా నల్ల లాబ్రడార్ ఉంటే దాన్ని మాసిన బూడిద చేసేస్తుంది, తెల్ల పొమేరియన్ ఉంటే దాన్నీ బూడిదే చేస్తుంది. కాబట్టి నల్లదానికి ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి వచ్చే వెలుగు, ఒక స్టాప్ (సగానికి) తగ్గించాలి, తెల్లదానికి పెంచాలి. ఫోన్లో అయితే ముఖం మీద తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందకో పైకో లాగడమే. కెమెరా ఉన్నవాళ్ళకి ఇంకో చిట్కా: రా ఫైల్ (కెమెరా పట్టుకున్నదంతా మార్చకుండా దాచే రకం) పెట్టుకుని, పిక్చర్ స్టైల్ అనే సెట్టింగ్‌ని మోనోక్రోమ్ (నలుపు తెలుపు) చేస్తే స్క్రీన్ మీద నలుపు తెలుపు కనిపిస్తుంది, లోపల ఫైల్లో రంగులన్నీ భద్రంగా ఉంటాయి. ఆ రంగులు ఎందుకు కావాలో కింద చెప్తాను. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఉందని ముచ్చటపడి పూర్తిగా తెరిచి దగ్గర నుంచి తీయొద్దన్నారు. మూతి పొడుగున్న కుక్కకి కన్ను స్పష్టంగా వస్తే ముక్కు మసకైపోతుంది, లెన్సు రంధ్రం కాస్త మూసి ఎఫ్ 4 దగ్గరకి రండి, షట్టర్ స్పీడు సెకనులో 1/250 వంతు కంటే నెమ్మది చేయకండి అని.

నేల మీద పడుకుని తీయమన్నప్పుడు కొంతమంది ఇస్త్రీ బట్టలు చూసుకుని వెనక్కి తగ్గారు. అప్పుడు అమెరికా ఫోటోగ్రాఫర్ ఇలియట్ అర్విట్ 1974లో న్యూయార్క్‌లో తీసిన ఫోటో చూపించారు. టోపీ పెట్టుకున్న బుల్లి చివావా కుక్క, పక్కన బూట్లు వేసుకున్న ఆడమనిషి కాళ్ళు, ఆ పక్కన గ్రేట్ డేన్ అనే భారీ కుక్క ముందుకాళ్ళు. కెమెరా చివావా కళ్ళ ఎత్తులో ఉంది కాబట్టే ఆ ఫోటోకి నవ్వొస్తుంది. కుక్క తన వైపు చూడాలని అర్విట్ తనే మొరిగేవాడట. ఇది విన్నాక అందరూ బట్టల సంగతి మర్చిపోయి కింద పడుకున్నారు, ఒకాయన మొరిగాడు కూడా.

మంచి అయిపోయింది, ఇక తిట్లు. చిన్న బ్యాచ్ అని చెప్పి గది పట్టనంత మందిని కూర్చోబెట్టారు, కుక్కలు ఒకదాని మీద ఒకటి లేచాయి, పిల్లిని తెచ్చిన ఒకావిడ బుట్ట మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్ళిపోయింది. పిల్లులకి వేరే పూట పెట్టొచ్చు కదా!

రెండో ఆదివారం ఎడిటింగ్. ఇక్కడే ఫీజు గిట్టుబాటు కాలేదు. ప్రీసెట్ల (ఒక్క నొక్కుతో ఫోటోకి పడే రెడీమేడ్ సెట్టింగుల) ఫోల్డర్ ఒకటి పంచి, ఇది నొక్కండి, అది నొక్కండి అన్నారు. చూపించిన ఫోటోలన్నీ హస్కీ, నల్ల లాబ్, పర్షియన్ పిల్లి. మన ఇళ్ళల్లో ఉండేది గోధుమరంగు ఊరకుక్క, అది పడుకునేది ఎర్ర గచ్చు అరుగు మీద. ఆ ప్రీసెట్ దాని మీద వేస్తే కుక్కా అరుగూ ఒకే బూడిద, మధ్యలో రెండు కళ్ళు. అడిగితే కాంట్రాస్ట్ (వెలుగు నీడల తేడా) పెంచుకోండి అన్నారు, పెంచితే రెండూ కలిసే నల్లబడ్డాయి.

అక్కడ వాళ్ళు చెప్పాల్సింది రంగుల సంగతి. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నలుపు తెలుపు చేశాక ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం ఇలా ఒక్కో రంగునీ విడిగా తెలుపు వైపో నలుపు వైపో జరపొచ్చు. ఊరకుక్క బొచ్చు ఎక్కువగా నారింజ, పసుపు కిందకి వస్తుంది, గచ్చు ఎరుపు. ఎరుపు తగ్గించి నారింజ కాస్త పెంచితే కుక్క అరుగు మీంచి లేచి బయటికి వస్తుంది. మరీ లాగితే అంచుల్లో మచ్చలు పడతాయి, అందుకని తీసేటప్పుడే కుక్కని నీలం తలుపు ముందుకో ఆకుపచ్చ సున్నం గోడ దగ్గరికో జరపడం మేలు, మన పాత ఇళ్ళల్లో వాటికి కరువా? అప్పుడు వెనకున్న నీలమో ఆకుపచ్చో ఒక్కటీ కిందకి లాగితే చాలు, స్టూడియోలో నల్ల తెర కట్టినట్టే ఉంటుంది. పిల్లి కళ్ళు పసుపైతే పసుపు కొద్దిగా పెంచి చూడండి. ఫోన్లో ఉచితంగా వచ్చే స్నాప్‌సీడ్ యాప్‌లో ఇంత విడమర్చి చేయలేం కానీ, బ్లాక్ అండ్ వైట్ టూల్లో ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఉన్నాయి, మారుస్తూ చూస్తే తేడా తెలిసిపోతుంది. క్లారిటీ (చిన్న చిన్న వివరాలు ఎత్తి చూపే స్లైడర్) మాత్రం పెంచుకుంటూ పోవద్దు, బొచ్చు కొబ్బరి పీచులా తయారవుతుంది. వాళ్ళ గోడకున్న నమూనా ఫోటోల్లో కూడా ఆ జబ్బే ఉంది.

ఫీజులోనే ఒక ప్రింటు ఇస్తారు. నాకిచ్చింది నలుపులో లేత ఆకుపచ్చ జీర కొట్టింది, కలర్ పేపర్ మీద వేస్తే వచ్చే తంటా అది. అడిగితే మళ్ళీ వేసిచ్చారు, గొడవ పడలేదు, అది వాళ్ళ మంచితనమే. ప్రింటు తీసుకునేటప్పుడు ట్యూబులైటు కింద కాకుండా వీధిలోకి పట్టుకొచ్చి ఎండ వెలుగులో చూసుకోండి. మొదటి ఆదివారం ఒక్కదానికే వస్తాం, సగం ఫీజు తీసుకోండి అని అడిగి చూడండి, మా బ్యాచ్‌లో ఒకరికి ఒప్పుకున్నారు.