బాల్ పైథాన్‌ని "చెట్టు పాము" అని చెప్పి నిలువు కేజ్ అంటగట్టేవాళ్లతో జాగ్రత్త

మొన్న రాత్రి నుంచి సరిగ్గా నిద్ర లేదు, కోపం ఇంకా తగ్గలేదు, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచుకునే ఆఫ్రికా కొండచిలువ) పిల్లనీ నిలువు గాజు కేజ్‌నీ కలిపి "పూర్తి సెటప్" అని అమ్మే అతని ప్రకటనలు మీలో చాలామంది చూసే ఉంటారు. పేరు రాయను. "ఇది చెట్టు మీద బతికే పాము, ఎంత ఎత్తుంటే అంత హుషారుగా ఉంటుంది" అనే మాట వినపడితే మాత్రం అక్కడే ఆగిపోండి.

మూడు వారాల కిందట కొన్నాను. పొడవుగా, అడ్డంగా ఉండే కేజ్ చాలదా అని అడిగాను కూడా. వద్దన్నాడు. నాలుగడుగుల ఎత్తు కేజ్, కింది నుంచి పై దాకా నున్నటి కొమ్మ ఒకటి, పైన జాలీ మూత, దాని కింద లోపలే వేలాడే బల్బు. దాక్కోవడానికి ఒక్క చోటు లేదు. అదేంటని అడిగితే "డబ్బా పెడితే అందులోనే కూర్చుంటుంది, మీకు కనపడదు" అన్నాడు. నమ్మేశాను.

మొదటి రాత్రి నుంచే అది పైకి పాకుతూ ఉండేది. నేను మురిసిపోయి ఫొటో తీసి పంపితే "చెప్పానా, చెట్టు పాము అని" అని జవాబిచ్చాడు. ఇప్పుడది తలచుకుంటే కడుపులో దేవినట్టుంది. అది సరదాకి ఎక్కలేదండీ. కింద దాక్కునే చోటు లేదు, వేడి మొత్తం పైన బల్బు దగ్గరే ఉంది. ఆలస్యంగా థర్మామీటర్ పెట్టి చూస్తే నేల మీద 23 డిగ్రీలు. వెచ్చటి వైపు 31, 32 ఉండాలి, చల్లటి వైపైనా 25కి తగ్గకూడదు. జాలీలోంచి తేమ కూడా పోతోంది. రెండుసార్లు ఎలుకనిస్తే ముట్టలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు, అది నా తప్పే.

మొన్న రాత్రి దబ్బుమని చప్పుడైంది. పరిగెత్తి చూస్తే నీళ్ల గిన్నె అంచు మీద పడి ఉంది. తల లోపలికి దాచుకుని ఉండలా చుట్టుకుపోయింది, గంటసేపు కదల్లేదు. పాముల్ని చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రేలో రెండు పక్కటెముకలు విరిగి కనిపించాయి. పొట్ట కింద కాలిన మచ్చ కూడా ఉంది. బల్బుని చుట్టుకున్నప్పుడు కాలి ఉంటుందట, నేను చూడనే లేదు.

వచ్చీ రాగానే అతనికి ఫోన్ చేశాను. డబ్బు వెనక్కి అడగడానికి కాదు, ఇదే సెటప్ ఇంకెవరికీ ఇవ్వొద్దని చెబుదామని. మొత్తం విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా? "బాల్ పైథాన్ నేల మీద ఉండే పాము, చిన్నపిల్లలకి కూడా తెలుసు. దాన్ని అంత ఎత్తుకి ఎందుకు ఎక్కనిచ్చారు?" ఒక్క క్షణం నాకు మాట రాలేదు. కేజ్ మీదే కదా, కొమ్మ మీరే బిగించారు కదా, ఫొటోకి మీరే కదా అలా రాశారు అంటే, "పెంచడం రానివాళ్లు కొనకూడదు" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్ చేశాడు. అంటే అతనికి మొదటి నుంచీ తెలుసు! తెలియక చెప్పి ఉంటే క్షమించేదాన్నేమో. తెలిసి, పెద్ద కేజ్ అమ్ముడుపోవాలని ఒక మూగజీవి నడుముతో ఆడుకున్నాడు.

నిజమేంటంటే ఇవి ఎక్కగలవు, ఎక్కుతాయి కూడా. నైజీరియా ఆగ్నేయ అడవుల్లో చేసి 1998లో అచ్చయిన ఒక పరిశోధనలో చిన్నవి, మగవి ఎక్కువగా పక్షుల్ని, పెద్ద ఆడవి ఎక్కువగా ఎలుకల్లాంటి జంతువుల్ని తిన్నాయని తేలింది. పక్షుల కోసం పైకెక్కుతాయన్నమాట, కాబట్టి "కొమ్మే వద్దు" అనేవాళ్ల మాటా పూర్తిగా సరి కాదు. నాది మగపిల్లే, దానికి ఎక్కాలని ఉండటం సహజం. కానీ పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో వీటి ఇల్లు ఎలుకలు తవ్విన బొరియలు, చెదపుట్టలు. పగలంతా అందులో ఇరుక్కుని ఉండి రాత్రి బయటికొస్తాయి. గ్రీన్ ట్రీ పైథాన్‌కి సన్నటి ఒళ్లు, కొమ్మని గట్టిగా పట్టుకునే తోక ఉంటాయి, దాని బతుకే కొమ్మ మీద. దీనిది పొట్టి, లావు, బరువైన ఒళ్లు, పట్టు జారితే ఆ బరువంతా మీద పడుతుంది. ఎక్కడం వచ్చినంత మాత్రాన చెట్టు పాము అయిపోదు.

ఇప్పుడది అడ్డంగా ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, ఒళ్లు ఆనేంత ఇరుకైన డబ్బాలో దాక్కుని ఉంది. ఇంకా ఏమీ తినలేదు. ఇవి 20, 30 ఏళ్లు బతుకుతాయి, నాదింకా ఏడాది కూడా నిండని పిల్ల.

కొనేవాళ్లు ఎత్తు కన్నా నేల వైశాల్యం చూడండి, అమ్మేవాళ్లు చెప్పింది రాతలో తీసుకోండి. అతని దగ్గర ఆ సెటప్ ఇప్పటికే కొన్నవాళ్లుంటే, దయచేసి ఈ రాత్రికే కొమ్మని అడుగు ఎత్తుకి దించి గరుకైనది పెట్టండి, బల్బు చుట్టూ పాము దూరలేని జాలీ కట్టండి, వెచ్చటి వైపొకటి చల్లటి వైపొకటి రెండు డబ్బాలు పెట్టండి, ఒకసారి పొట్ట కింద కూడా తిప్పి చూడండి.