చర్చికి వెళ్లాలా, ఇంట్లో ప్రార్థన చేసుకుంటే సరిపోదా? ఏది మేలు?

ఈ ప్రశ్న ఈ ఏడాదిలోనే నన్ను ఏడెనిమిది మంది అడిగారు. అడిగే తీరు ఒక్కొక్కళ్లది ఒక్కోలా ఉంటుంది కానీ సంగతి మాత్రం ఒకటే, "అక్కా, యేసయ్య మీద నమ్మకం పోలేదు, బైబిల్ చదువుతున్నా, ప్రార్థన చేసుకుంటున్నా, కానీ ఆదివారం వచ్చేసరికి కాళ్లు కదలట్లేదు, వెళ్లకపోతే తప్పా?" అని. నన్నే ఎందుకు అడుగుతారంటే నేనూ ఏడాదిన్నర మానేసి, పోయిన ఏడాది నుంచి మళ్లీ వెళ్తున్నదాన్ని కాబట్టి. రెండు వైపులా ఉండి చూశాను, అదొక్కటే నా అర్హత. వెళ్లకపోతే నరకమే అనేవాళ్ల కోసం, చర్చిలన్నీ వ్యాపారమే అనేవాళ్ల కోసం ఇది రాయట్లేదు, వాళ్లకి ఎలాగూ డౌట్ లేదు.

ముందు నా గొడవ చెప్పేస్తా. మా ఇంట్లో ఒక సమస్య ఉంటే పాస్టర్ గారికి ప్రార్థన మనవిగా చెప్పాను, మన మధ్యే ఉండాలి అని కూడా చెప్పాను. తర్వాతి ఆదివారం ప్రసంగంలో "ఒక కుటుంబం ఉంది, వాళ్ల పేరు చెప్పను గానీ" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశారు. పేరు చెప్పలేదు, నిజమే. కానీ ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి నా వైపు చూశారు, నేను ఒళ్లో ఉన్న బైబిల్ జిప్పు తీసి మళ్లీ వేసి, తీసి వేసి, అలాగే ఆశీర్వాదం దాకా కూర్చున్నాను. ఆ రోజే చివరి రోజు అనుకున్నా.

ఇంట్లో మొదటి మూడు నెలలు ఎంత బాగున్నాయో చెప్పలేను, అబద్ధం ఎందుకు ఆడాలి. మార్కు సువార్త మొత్తం ఒకే బిగిన చదివాను, గంటన్నర పట్టింది, అన్నేళ్లు ముక్కలు ముక్కలుగా విన్నదాన్ని మొదటిసారి ఒక కథలా చదివితే ఊపిరి తిప్పుకోనివ్వలేదు. ప్రకటనలు లేవు, కానుకల గురించి అరగంట ఉపోద్ఘాతం లేదు, మైకు గోల లేదు. ప్రార్థనలో కూడా నాటకం పోయింది, పక్కన ఎవరూ వినట్లేదు కాబట్టి పెద్ద పెద్ద మాటలు వాడాల్సిన పని లేదు, ఏడుపొస్తే ఏడవొచ్చు. ఇంట్లో చేసుకునేవాళ్లది బద్ధకం అనే పెద్దలకి ఇది తెలియదు, నా మటుకు నాకు చర్చిలో కంటే ఎక్కువ ప్రార్థన ఆ మూడు నెలల్లోనే జరిగింది.

ఆరో నెలకి వచ్చేసరికి ఒకటి గమనించా. నాకు నచ్చిన చోట్లే చదువుతున్నా. ఓదార్పు కీర్తనలు అన్నీ నలిగిపోయాయి, యాకోబు పత్రిక ఒక్కసారి కూడా తెరవలేదు, ఎందుకంటే అందులో నాలుక గురించి ఉంది, నాకది గుచ్చుకుంటుంది. ప్రసంగాలు ఫోన్‌లో వినేదాన్ని, ఒకటిన్నర స్పీడులో, బోర్ కొడితే ఇంకొకాయన, ఆయన నా తప్పు మీద వేలు పెడితే ఇంకొకాయన. అంటే కాపరిని గొర్రే ఎంచుకుంటోంది, అదీ రిమోట్ పట్టుకుని.

ఇక బైబిల్ వాక్యాల సంగతి. రెండు వైపుల వాళ్ల దగ్గరా ఒక్కో ఆయుధం ఉంది. చర్చి వైపు వాళ్లది హెబ్రీ పత్రిక 10:25, సమాజంగా కూడడం మానొద్దు అనేది. దాని ముందు వచనం మాత్రం ఎవరూ చదవరు, ప్రేమ చూపడానికీ మంచి పనులు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పుకోవాలి అని ఉంటుంది అక్కడ. అంటే కూడడం దాని కోసం అన్నమాట. రెండు గంటలు ముందున్నవాళ్ల తల వెనకభాగం చూసి ఎవరితో ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికొచ్చేస్తే 25వ వచనం పాటించినట్టు లెక్క వేసుకోవచ్చేమో గానీ 24 మాత్రం మిగిలిపోయింది. ఇంటి వైపు వాళ్లది మత్తయి 18:20, ఇద్దరు ముగ్గురు నా పేరున ఎక్కడ కూడితే అక్కడ నేనుంటాను అన్నది. బాగుంది, కానీ ఇద్దరు ముగ్గురు అన్నారు, ఒక్కరు అనలేదు కదా (ఇది అన్నందుకు మా తమ్ముడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు). పైగా ఆ మాట వచ్చింది సహోదరుడు తప్పు చేస్తే ఏం చేయాలి అనే చోట. 15వ వచనం నుంచి చదివితే, ముందు నువ్వే వెళ్లి అతనితో ఒంటరిగా మాట్లాడు అని ఉంటుంది. నేను పాస్టర్ గారి మీద కోపం పది పన్నెండు మందికి చెప్పుకున్నాను, ఆ ఏడాదిన్నరలో ఆయనకి మాత్రం చెప్పలేదు.

యోహాను 4లో బావి దగ్గర ప్రభువుతో మాట్లాడిన సమరయ స్త్రీ సంగతి కూడా చాలామంది తెస్తారు, ఈ కొండా కాదు యెరూషలేమూ కాదు, ఆత్మతో సత్యంతో ఆరాధించాలి అని ప్రభువే అన్నారు కదా అని. అన్నారు. ఆ మాట విన్న ఆవిడ మాత్రం ఇంటికి పోయి తలుపేసుకోలేదు, కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తి జనాన్ని పిలుచుకొచ్చింది.

నాకు అన్నిటికంటే పట్టుకున్నది లూకా 4. ప్రభువు వాడుక చొప్పున విశ్రాంతి దినాన సమాజమందిరానికి, అంటే యూదులు కూడే ప్రార్థనా స్థలానికి, వెళ్లారు అని 16వ వచనం. అదే రోజు, అదే మందిరంలో ఉన్నవాళ్లు లేచి ఆయన్ని కొండ అంచు దాకా తీసుకెళ్లి తోసేయబోయారు, అది 29. మన చర్చిలో మనకి జరిగింది ఎంత పెద్దదైనా కొండ అంచు దాకా అయితే రాలేదు. తర్వాత రెండు వచనాలు తిరక్కుండానే ఆయన కపెర్నహూములో మళ్లీ విశ్రాంతి దినాన బోధిస్తున్నారు. అలాగని దీన్ని దెబ్బలు తిన్నవాళ్ల మీద కర్రలా వాడకూడదు, ఎందుకంటే యోహాను 9 కూడా ఉంది. పుట్టుగుడ్డివాడికి చూపొచ్చాక మతపెద్దలు వాణ్ణి వెలివేశారు, ఆ సంగతి విని ప్రభువే వెతుక్కుంటూ వెళ్లి వాణ్ణి కలిశారు. మందిరం బయట ఉన్నవాణ్ణి, బయటే.

చర్చి అంటే బిల్డింగ్ కాదు అనే వాదన నిజమే గానీ దాంతో ఏదీ తేలదు. మొదట్లో అందరూ ఇళ్లల్లోనే కూడేవాళ్లు, ప్రిస్కిల్ల అకులల ఇంట్లో సంఘం ఉందని రోమా 16లోనే ఉంది, సిరియాలోని దూరా యూరోపస్‌లో తవ్వకాల్లో బయటపడ్డ 3వ శతాబ్దపు చర్చి కూడా ఒక మామూలు ఇల్లే, ఒక గదిలో బాప్తిస్మం తొట్టి కట్టుకున్నారు. ఇల్లే, కానీ అక్కడికి వచ్చింది ఒక్క మనిషి కాదు. జపాన్‌లో ఉచిమురా కాన్జో అనే ఆయన 1901లో అసలు చర్చి లేని క్రైస్తవం అనే ఉద్యమమే మొదలుపెట్టారు, పాస్టర్ లేడు, బాప్తిస్మం అక్కర్లేదు, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) అక్కర్లేదు. మరి ఆయన వెంట నడిచినవాళ్లు ఆదివారం ఏం చేసేవాళ్లంటే, ఒకచోట చేరి బైబిల్ చదువుకునేవాళ్లు. అన్నీ తీసేసినా అదొక్కటి తీయలేకపోయారు.

నా లెక్కలో అసలు తేల్చేది ఇదే. 4వ శతాబ్దంలో బాసిల్ అని ఒక బిషప్, ఐగుప్తు (ఈజిప్టు) దాకా తిరిగి అడవుల్లో ఎడారుల్లో ఒంటరిగా ఉండే సన్యాసుల్ని చూసి వచ్చినాయన, వాళ్లంటే గౌరవం ఉన్నాయన. ఆయనే తన మఠం నియమాల్లో అడుగుతాడు, ఒంటరిగా ఉంటే ఎవరి కాళ్లు కడుగుతావు అని. అంతే, నాకు ఇంకో వాదన అవసరం లేకపోయింది. క్షమించండి, భారాలు మోయండి, తప్పులు ఒప్పుకోండి, కనిపెట్టుకుని ఉండండి, ఇవన్నీ కొత్త నిబంధనలో ఒకరినొకరు, ఒకరితో ఒకరు అని ఉంటాయి. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే ఇవి చేయకపోవడం పాపమని కాదు, ఇవి ఊరికే ఖాళీగా ఉండిపోతాయి. మనకి నచ్చిన స్నేహితులతో కూడా ఇది సగమే కుదురుతుంది, ఎందుకంటే వాళ్లని మనం ఎంచుకున్నాం. చర్చిలో మాత్రం మనం ఎంచుకోని మనుషులు పక్కన కూర్చుంటారు.

నా పక్కన కూర్చునే మామ్మకి కళ్లు సరిగా కనపడవు. పాట నంబర్ చెప్పగానే పుస్తకం నా ఒళ్లో పెట్టేస్తుంది, నేను పేజీ తీసి ఇస్తే ఆ లైన్ల మీద వేలు పెట్టి పాడుతుంది, శ్రుతి మాత్రం అడక్కండి. మానేసిన ఏడాదిన్నరలో నేను ప్రసంగాన్ని మిస్సవ్వలేదు, పాటల్ని మిస్సవ్వలేదు, ఫోన్‌లో ఇంతకంటే మంచివే ఉన్నాయి. ఒకరోజు ఉన్నట్టుండి ఆవిడకి ఇప్పుడు పేజీ ఎవరు తీస్తున్నారు అనిపించింది. నాకు ఏం దొరుకుతోంది అని ఏడాదిన్నర లెక్క వేసుకున్నాను, నేను లేకపోతే ఎవరికి లోటు అని ఒక్కసారీ వేసుకోలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఆన్‌లైన్ ఆరాధన మంచం పట్టినవాళ్లకి, వాళ్లని చూసుకునేవాళ్లకి, ఆదివారం డ్యూటీ ఉండేవాళ్లకి వరం, 2020లో మనందరినీ నిలబెట్టింది అదే. ఆదివారం తప్పనిసరి అనే కాథలిక్ సంఘం కూడా జబ్బు, పసిపిల్లల్ని చూసుకోవడం లాంటి కారణాలకి మినహాయింపు ఇస్తుంది, కాబట్టి వాళ్లు బాధపడక్కర్లేదు. కాళ్లు బాగుండి సోఫాలో కూర్చుని చూడటం మాత్రం చూడటమే. ఇంట్లో కూడే చిన్న గుంపు నాకిష్టమే, మీరు రాకపోతే ఖాళీ కుర్చీ కనిపిస్తుంది. కాకపోతే రెండేళ్లకి అందరూ ఒకే వయసు, ఒకే అభిప్రాయం, గొంతు పెద్దదున్న ఒకాయన చెప్పిందే వాక్యం, లెక్కలు అడిగేవాడు లేడు, ఇలా తయారవ్వడం కూడా చూశాను. పెద్ద చర్చిలో ఉంటూ అలాంటి గుంపుకి కూడా వెళ్తే బాగుంటుంది గానీ అంత టైం అందరికీ ఉండదు.

ఎప్పుడు వదిలేయాలి? డబ్బు లెక్క అడిగితే శాపనార్థాలు పెట్టే చోట, ఆడవాళ్ల మీద పిల్లల మీద చేయి వేసినవాణ్ణి దాచిపెట్టే చోట ఒక్క వారం కూడా ఉండొద్దు, అక్కడ మత్తయి 18 ప్రకారం ఒంటరిగా వెళ్లి మాట్లాడటం కాదు, నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లడమే. తర్వాత ఆరు నెలలు ఎక్కడికీ వెళ్లకపోయినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకూడదు. కానీ ప్రసంగం బోర్, పాటలు పాతవి, ఫలానా వాళ్లు పలకరించలేదు, ఇవి వేరే. అపొస్తలుడు పౌలు కొరింథు ఊళ్లోని చర్చి వాళ్లకి మీ కూడిక మేలుకంటే కీడే ఎక్కువ చేస్తోంది అని మొహం మీదే రాశాడు, ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి ఉంటున్నాడట. అంత చెడ్డ చర్చికి కూడా ఆయన చెప్పింది మూసేయమని కాదు, ఒకరికోసం ఒకరు ఆగండి అని.

ఎక్కడికి వెళ్లాలి అని తేల్చుకోలేకపోతే నేను చూసేది ఒక్కటే, మూడు వారాలు కనపడకపోతే నాకు ఫోన్ చేసేది ఎవరు, కానుక కోసం కాకుండా. అలాగే నేను ఫోన్ చేసేది ఎవరికి. రెండోదానికి నా దగ్గర పేరు లేకపోతే తప్పు చర్చిది మాత్రమే కాదు.

పాస్టర్ గారితో చివరికి వెళ్లి మాట్లాడాను. "పేరు చెప్పలేదు కదమ్మా" అన్నారు ముందు. రెండు వారాల తర్వాత ఆయనే ఫోన్ చేసి, తప్పు నాదేనమ్మా అన్నారు. ఇప్పటికీ నా ప్రార్థన మనవులు ఆయనకి చెప్పను, క్షమించాను గానీ చెప్పను. ప్రకటనలప్పుడు బయటికొచ్చి నీళ్లు తాగుతా. కొన్ని ఆదివారాలు ఇప్పటికీ వెళ్లబుద్ధి కాదు, నెలలో ఒకసారి ఎగ్గొడతా కూడా.

మొన్న నంబర్ సరిగ్గా వినపడక నేను వేరే పేజీ తీసి ఇచ్చాను. మామ్మ ఆ తప్పు పేజీ మీదే వేలు పెట్టుకుని అసలు పాట మొదటి చరణం నుంచి చివరి దాకా ఒక్క మాట తప్పకుండా పాడేసింది. అన్ని పాటలూ కంఠతా వచ్చినట్టున్నాయి. మరి ఇన్నేళ్లూ నాతో పేజీ ఎందుకు తీయిస్తోందో ఇంకా అడగలేదు.