రామన్‌కి 532 మేలా, 785 మేలా?

మా ల్యాబ్‌లో రామన్ మైక్రోస్కోప్‌కి (లేజర్ వేసి, శాంపిల్ నుంచి తరంగదైర్ఘ్యం మారి వచ్చే కాంతిని బట్టి అదేమిటో చెప్పే పరికరానికి) రెండు లేజర్లు ఉన్నాయి: ఆకుపచ్చగా కనిపించే 532 నానోమీటర్లది, కంటికి దాదాపు ఆనని 785ది. కొత్తగా చేరిన పిల్లలు ముందు అడిగేది ఏది పెట్టాలనే.

సిగ్నల్ బలంలో 532దే పైచేయి. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ రామన్ కాంతి నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. అంటే అదే పవర్‌కి 785 కంటే సుమారు 4.7 రెట్లు. లేజర్ చుక్క కూడా చిన్నగా పడుతుంది. గ్రాఫీన్, టైటానియం డయాక్సైడ్ లాంటివైతే నేను ఇంకో ఆలోచన లేకుండా 532 పెడతాను. పైగా 785తో సి-హెచ్ (కార్బన్-హైడ్రోజన్) బంధాల పీకులు, అంటే గ్రాఫ్‌లో 2900 సెం.మీ⁻¹ (లేజర్ నుంచి కాంతి ఎంత జరిగిందో చెప్పే కొలత) ప్రాంతంలో లేచే శిఖరాలు, 1016 నానోమీటర్ల దగ్గరకు వెళ్లి పడతాయి. అక్కడ సిలికాన్ డిటెక్టర్‌కి చూపు బాగా మందగిస్తుంది.

మరి 785 ఎందుకు? ఫ్లోరెసెన్స్‌ని, అంటే లేజర్ పడ్డప్పుడు శాంపిలే వెలిగే వెలుగుని, తప్పించుకోవడం కోసం. రంగులు, కొన్ని పాలిమర్లు, మొక్కల నుంచి తీసిన పదార్థాల మీద 532 వేస్తే పీకుల బదులు స్క్రీన్ నిండా పెద్ద గుట్ట లేస్తుంది. ఎంతసేపు స్కాన్ చేసినా ఆ గుట్టే పెరుగుతుంది. అదే శాంపిల్‌కి 785 పెడితే చాలాసార్లు గుట్ట దిగిపోయి, పీకులు బయటపడతాయి. పసుపు లాంటివాటికి అదీ చాలకపోవచ్చు, 1064 నానోమీటర్ల లేజర్ కావాలి.

నల్లటి శాంపిళ్లకు మాత్రం ఏ లేజరైనా పవర్ తగ్గించే మొదలుపెట్టండి. ఒకసారి మాగ్నటైట్ (నల్లటి ఐరన్ ఆక్సైడ్) పొడికి పవర్ తగ్గించే ఫిల్టర్ వేయడం మరిచిపోయాను. 670 సెం.మీ⁻¹ దగ్గర ఉండాల్సిన పీకు మాయమై 225, 292 దగ్గర కొత్తవి వచ్చాయి. ఆబ్జెక్టివ్‌లోంచి చూస్తే నల్లటి రేణువు మధ్యలో ఎర్రటి మచ్చ! లేజర్ వేడికి అక్కడ హెమటైట్ (ఎర్రటి ఐరన్ ఆక్సైడ్) అయిపోయింది. శాంపిల్‌లో లేనిదాన్ని నేనే తయారుచేసి, నేనే కొలిచాను. ఆ రోజు తీసిన స్పెక్ట్రాలన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఒక్కటే కొనగలిగితే? ఆక్సైడ్లు, కార్బన్ పదార్థాలు చేసే ల్యాబ్‌కి 532 అంటాను. మందులు, పాలిమర్లు ఎక్కువగా వస్తుంటే 785.

కార్బన్ చేసేవాళ్లు ఇంకొకటి గమనించాలి. 532తో 1350 సెం.మీ⁻¹ దగ్గర వచ్చే డి-పీకు (కార్బన్‌లో లోపాల వల్ల వచ్చేది), 785తో 1310 దగ్గరకు జరుగుతుంది. డి పీకుకీ, జి పీకుకీ (గ్రాఫైట్ బంధాలది) మధ్య నిష్పత్తీ మారిపోతుంది; లోపాలను అంచనా వేసేది దానితోనే. అందుకే మీ 785 విలువను ఎవరి పేపర్‌లోనో ఉన్న 532 విలువ పక్కన పెట్టి లోపాలు పెరిగాయని రాయకండి.